మిగిలిన ముక్కలు: మేరీ డెలానీ జీవితము

ధ్యానభాగములు: యోహాను 6:1–13; కీర్తన 92:12–15



మన ప్రభువు అయిదువేలమంది పురుషులకు ఆహారము పెట్టిన అద్భుతమును మనము చిన్ననాటనుండి ఎరుగుదుము. అయిదు రొట్టెలు, రెండు చేపలు అని ఆదివారపు బడి పిల్లలు సహితము తడుముకొనక చెప్పగలరు. అయితే జనులందరు తృప్తిగా తిని లేచిన తరువాత జరిగినదానిని మనము అంతగా తలంచము. గడ్డిమీద పడియున్న తునకలను ఏరుకొని రండని, వాటిలో ఒక్కటియు పాడైపోకూడదని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను. అంత గొప్ప అద్భుతము చేయగలవానికి ఆ తునకలతో ఏమి పని? కావలసినన్ని రొట్టెలు మరల కలుగజేయగలడు గదా! అయినను ఆయన వాటిని విడిచిపెట్టలేదు. ఏరి చూడగా పండ్రెండు గంపలు నిండినవి.

ఈ మాసము మేము మీ యెదుట ఉంచుచున్న జీవితము ఒక మిషనెరీది కాదు, గొప్ప బోధకునిది కాదు. ఇంగ్లండు దేశస్థురాలైన ఒక విధవరాలిది. ఆమె పేరు మేరీ డెలానీ. రంగు కాగితపు తునకలను కత్తిరించి, అతికించి, పువ్వులు చేయుటవలన ఆమె పేరు నేటివరకు నిలిచియున్నది. ఆ పని ఆమె మొదలుపెట్టినది తన డెబ్బదిరెండవ యేట. అందుచేతనే ఆమె కథ మన సంఘములలోని పెద్దవారు వినదగినదని మాకు తోచినది.

మేరీ గ్రాన్విల్ 1700వ సంవత్సరము మే నెల 14వ తేదీన ఇంగ్లండులోని విల్ట్‌షైర్ జిల్లాలో జన్మించెను. ఆమె బంధువులు రాజసభలో పలుకుబడి గలవారు. రాణిగారి కొలువులో చేరునట్లు ఆమెను చిన్నతనమునుండియే పెంచిరి. సంగీతము, బొమ్మలు గీయుట, కుట్టుపని నేర్పిరి. హల్లెలూయా కోరస్ వ్రాసిన హ్యాండెల్ అను సంగీత విద్వాంసుని ఆమె పదియేండ్ల పిల్లగా నున్నప్పుడే చూచి, ఆయన వాయించుట విని, జీవితాంతము ఆ సంగీతమును ప్రేమించెను. అయితే 1714లో ఆన్ రాణి మరణించగానే దేశపు అధికారము చేతులు మారెను. గ్రాన్విల్ వారి పలుకుబడి పోయినది. తండ్రి కుటుంబమును తీసికొని రాజధానికి దూరముగా ఒక పల్లెకు చేరెను.

అటుపిమ్మట పెద్దలు ఆమెకు వివాహము నిశ్చయించిరి. వరుడు పెండార్వీస్ అను భూస్వామి. ఆయనకు దాదాపు అరువదియేండ్లు, ఆమెకు పదునేడు. 1718లో ఆ వివాహము జరిగెను. ఆమె యిష్టమును ఎవరును లెక్కచేయలేదు. ఆయన త్రాగుడుకు అలవాటుపడినవాడు, కీళ్లవాతముతో బాధపడువాడు. చిన్న వయస్సులోనే ఆమె ఆ ముసలివానికి పరిచారకురాలాయెను. ఇరువదియయిదేండ్లు నిండకముందే, ఒక ఉదయమున భర్త పడకలోనే మరణించియుండుట చూచెను. ఆస్తిని ఆమె పేర వ్రాయు మాట ఆయన నెరవేర్చనేలేదు. కొద్దిపాటి జీవనాధారము మాత్రమే ఆమెకు మిగిలెను.

పదునెనిమిది సంవత్సరములు ఆమె ఒంటరిగా ఉండెను. 1743లో పాట్రిక్ డెలానీ అను ఐర్లండు దేశపు గురువుగారు ఆమెను వివాహమాడగోరిరి. ఆయన భార్యను పోగొట్టుకొనినవాడు, విద్యావంతుడు, మంచి ప్రసంగీకుడు. కాని ఆయన సామాన్య కుటుంబమున పుట్టినవాడు. అంతస్తు తక్కువయని ఆమె బంధువులు ఒప్పుకొనలేదు. సహోదరుడైతే చాల కోపగించెను. అయినను ఈసారి ఆమె తన మనస్సు చొప్పున నడుచుకొనెను. ఇరువదియయిదేండ్లపాటు ఆ యింట సమాధానము నెలకొనియుండెను. 1744లో ఆయన డౌన్ అనుచోట డీన్‌గా నియమింపబడెను. డబ్లిన్ పట్టణము దగ్గర డెల్విల్ అను ఇల్లును తోటయు వారికుండెను. మేరీ ఆ తోట పెంచెను, గవ్వలతో గోడలకు అలంకారములు చేసెను, పువ్వుల కుట్టుపని చేసెను, దేవాలయమునకు కావలసిన కుట్టుపనులకును తన చేతులిచ్చెను. వారికి సంతానము కలుగలేదు.

1768 మే నెలలో డెలానీ గురువుగారు మరణించిరి. ఆమెకు అరువదియెనిమిదేండ్లు నిండబోవుచుండెను. భర్త లేడు, బిడ్డలు లేరు, తోట లేదు, ఆ దేశమే లేదు. లోకరీతిగా చూచినచో ఆమె జీవితమను విందు ముగిసినది. ఇక గడ్డిమీద మిగిలినవి తునకలే.

అటువంటి సమయమున ఒక స్నేహితురాలు ఆమెను చేరదీసెను. ఆమె పోర్ట్‌లండ్ డచెస్ అను గొప్ప ధనవంతురాలు, ఆమెయు విధవరాలు. బల్‌స్ట్రోడ్ అను ఆమె భవనములో దేశదేశముల చెట్లు, గవ్వలు, పక్షులు సేకరింపబడియుండెను. అక్కడి గురువుగారైన జాన్ లైట్‌ఫుట్ గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు. సముద్రయాత్రలుచేసి వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, సొలాండర్ అను పండితులు అచ్చటికి వచ్చుచుండిరి. మేరీ ప్రతి సంవత్సరము నెలల తరబడి అక్కడ ఉండెడిది.

1772లో ఆ పని ఎట్లు మొదలైనదో ఆమె బంధువులు చెప్పిన కథ యిది. ఆమె యెదుట బల్లమీద చీనా దేశపు ఎర్రని కాగితపు ముక్క యొకటి పడియుండెను. ప్రక్కనే జెరేనియము అను పువ్వు ఉండెను. కాగితపు ఎరుపు, పువ్వు రేకుల ఎరుపు ఒక్కటే యని ఆమెకు తోచెను. కత్తెర తీసికొని రేకులు కత్తిరించి ఒక కాగితముమీద పేర్చెను. అంతలో డచెస్ లోనికి వచ్చి, బల్లమీద నిజమైన పువ్వు రేకులు రాలినవనుకొనెనట. ఆ దినమునుండి మేరీ ఆ పని విడువలేదు.

ఆ పని విధానమును కొంచెము వివరింతుము. ముందుగా తెల్లని కాగితమునకు నల్లరంగు పూసి ఆరబెట్టెడిది. నలుపుమీద ఏ రంగైనను స్పష్టముగా కనబడును. తరువాత మొక్కను ఎదుట పెట్టుకొని, గీత గీయకయే కేవలము కంటిచూపుతో ఒక్కొక్క రేకును, ఆకును, ఈనెను, కేసరమును విడివిడిగా కత్తిరించెడిది. ముదురు ఆకుపచ్చమీద లేత ఆకుపచ్చ, దానిమీద ఇంకను సన్నని ముక్క, ఈ విధముగా పొరమీద పొర అతికించి వెలుగునీడలు కనుపరచెడిది. అక్కడక్కడ కుంచెతో కొంచెము రంగు తాకించెడిది. ఒక్కొక్కసారి నిజమైన ఆకు ముక్కనే అతికించినదియు కలదు. కొన్ని ముక్కలు వెండ్రుకవలె సన్ననివి. చూచువారు దగ్గరకు వచ్చి పరిశీలించువరకు అది చిత్రించినదే యనుకొందురు.

మరి ఆ కాగితములు ఎక్కడివి? ఇది మనము గమనింపవలసిన సంగతి. కొన్ని చీనానుండి వచ్చు ఓడల అధికారులయొద్ద కొనెను. కొన్నిటికి తానే రంగు వేసికొనెను. మరికొన్ని, గోడలకు అంటించు కాగితములకు రంగులద్దు పనివారియొద్ద దొరికినవి. రంగు ఒలికి, ఒకదానిలో ఒకటి కలిసి, చెడిపోయినవని వారు ప్రక్కన పెట్టిన కాగితములను ఆమె వెదకి కొనెడిది. ఎందుకనగా, అట్లు కలిసిన రంగులు వాడిపోవుచున్న రేకు రంగువలెను, పురుగు తిన్న ఆకు రంగువలెను ఉండెను. సరిగా అద్దిన కాగితములో ఆ రంగు దొరకదు. పనివాడు చెడిపోయినదన్నదే ఆమెకు మిక్కిలి కావలసినదాయెను.

1777లో ఆమె చేసిన పువ్వులలో పేషన్ ఫ్లవర్ అను తీగజాతి పువ్వు యొకటి కలదు. క్రీస్తు శ్రమలనుబట్టి ఆ జాతికి ఆ పేరు వచ్చినది. దాని నడుమ నున్న కేసరముల వలయము ముండ్లకిరీటమును, అయిదు కేసరములు అయిదు గాయములను, మూడు కీలములు మూడు మేకులను జ్ఞాపకము చేయునని పూర్వము స్పెయిను దేశపు బోధకులు చెప్పిరి. ఆ ఒక్క పువ్వులో ఆమె 230 కాగితపు రేకులు అమర్చెను. డెబ్బదియేడేండ్ల వృద్ధురాలి చేతులు చేసిన పని యది!

ఆమె తోచినట్లు అందము కల్పించలేదు. ఉన్నది ఉన్నట్లు చేసెను. కేసరములు ఆరైతే ఆరే, ఆకు చిరిగియున్నచో చిరిగినట్లే. ప్రతి చిత్రముతో మొక్క శాస్త్రనామమును, చేసిన తేదీని, చోటును, మొక్క ఇచ్చినవారి పేరును వ్రాసియుంచెను. వృక్షశాస్త్రజ్ఞులు ఆ చిత్రములను నమ్మదగినవని మెచ్చుకొనిరి. మూడవ జార్జి రాజును, షార్లెట్ రాణియు వచ్చి చూచిరి. క్యూ అను రాజోద్యానమునుండి క్రొత్త క్రొత్త మొక్కలు ఆమెకు అందెను. మన దేశములో సేవచేసిన విలియం కేరీగారు ఆమె ఈ పని ప్రారంభించునాటికి ఇంగ్లండులో ఒక పల్లెటూరి నేతగాని ఇంట పదకొండేండ్ల బాలుడు, చెట్లయందు, పురుగులయందు ఆసక్తి గలవాడు. ఇద్దరును ఒకరినొకరు ఎరుగరు. అయినను దేవుని సృష్టిని ఓపికగా చూచుట ఇద్దరికిని ఉండెను.

వేయి పువ్వులు చేయవలెనని ఆమె కోరిక. కాని 1782లో, ఎనుబదిరెండేండ్ల వయస్సున, కంటిచూపు మందగించెను. అప్పటికి 985 పూర్తియైనవి. ఇంక పదునైదే! మనమైతే ఏమందుము? ఆమె కత్తెర ప్రక్కన పెట్టి, ఆ పనికి వీడ్కోలు చెప్పుచు కొన్ని పద్యములు వ్రాసికొనెను. అందులో తన హృదయవేదనను దాచలేదు. అయినను దేవుని చిత్తమునకు లోబడుట తనకు నేర్పుమని ఆయననే వేడుకొనెను.

ఆ దినములలోనే ఆమె తన చెల్లెలి వంశమునకు చెందిన జార్జియానా పోర్ట్ అను బాలికను ఇంటనుంచుకొని పెంచి, విద్య నేర్పుచుండెను. 1785లో డచెస్ మరణించగా ఆమెకు ఆధారము తప్పిపోవునేమో యనిపించెను. అయితే రాజు ఆమెకు విండ్సరులో ఒక ఇల్లును, సంవత్సరమునకు 300 పౌనుల భృతిని ఏర్పరచెను. 1788 ఏప్రిల్ 15న, ఎనుబదియెనిమిదేండ్లు నిండుటకు ఒక నెల ముందు, ఆమె లండనులో కన్ను మూసెను. ఆ పువ్వుల చిత్రములు పది సంపుటములుగా కుటుంబములో భద్రపరచబడి, 1897లో లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. రేకులు పలుచనివే, కాగితము బలహీనమైనదే. అయినను రెండువందల యేబది సంవత్సరములు దాటినను అవి యున్నవి.

ప్రియ చదువరులారా, ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది ఏమి?

ముందుగా ఒక మాట నిజముగా చెప్పవలెను. మేరీ డెలానీ మన పల్లెల విధవరాండ్రవలె కూలికి పోయినది కాదు. వంట చేయుటకు పనివారుండిరి. కూర్చుండుటకు బల్లయు, వెలుతురు గల గదియు, ఆదరించు స్నేహితురాలును ఉండెను. అవి లేనివారిని చూచి, మీరును ఆమెవలె చేయుడని చెప్పుట సులభము, న్యాయము కాదు. ఆమెకు ఒక స్నేహితురాలు చోటు ఇచ్చెను గనుకనే ఆమెలో దాగియున్న వరము బయటపడెను. కాబట్టి ఈ కథలో వృద్ధులకు ఎంత పాఠమున్నదో, వారికి చోటు ఇయ్యవలసిన మనకును అంత పాఠమున్నది.

మొదటిది, చూచుట. అడవిపువ్వులు ఎట్లు పెరుగుచున్నవో ఆలోచించుమని ప్రభువు కొండమీద బోధించెను. మనము దానిని చింత మానుకొనుటకు చెప్పిన మాటగా మాత్రమే చదువుదుము. అయితే ముందు ఆ పువ్వును చూడవలెను గదా! మేరీ ఒక పువ్వును ఎదుట పెట్టుకొని గంటల తరబడి చూచెను. దుఃఖములో నున్నవాడు తన దుఃఖమునే చూచుచుండును. దేవుని చేతిపనిని చూచుటకు కన్నులెత్తినప్పుడు మనస్సునకు ఊపిరి అందును.

రెండవది, తునకల విలువ. రంగు చెడిన కాగితములో ఆమెకు కావలసిన రంగు దొరికినది. మనము చెడినవని తీసివేసిన దినములలో, దుఃఖములో, ఓటమిలో ప్రభువునకు కావలసిన రంగు ఉండవచ్చును. తబితా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినది ఆమె ధనమును కాదు, ఆమె కుట్టియిచ్చిన వస్త్రములను. చేతిపని దేవుని యెదుట చిన్నది కాదు.

మూడవది, వృద్ధాప్యము. నీతిమంతులు ముసలితనమందును ఫలించుదురని తొంబదిరెండవ కీర్తన చెప్పుచున్నది. అది పొగడ్త కాదు, వాగ్దానము. డెబ్బదిరెండవ యేట చిగిర్చిన కొమ్మను మనము ఇప్పుడే చూచితిమి.

ఇక మన సంఘముల సంగతి. క్రిస్మసు వచ్చునప్పటికి దేవాలయమునకు తోరణములు కట్టుటకు, నక్షత్రము చేయుటకు రంగు కాగితములు కొందుము. పండుగ కాగానే మిగిలిన ముక్కలు ఊడ్చి చెత్తలో వేయుదుము. పెండ్లి శుభలేఖలు ఇంట గుట్టలుగా పడియుండును. వాటి అట్ట దళసరిది, వెనుకవైపు తరచుగా ఖాళీగానే యుండును. వీటితో శుభాకాంక్షల కార్డులు చేయవచ్చును. శుభలేఖ అట్టను చదరముగా కత్తిరించి మధ్యకు మడవవలెను. పైన రంగు కాగితముతో ఒక పువ్వునో, పావురమునో కత్తిరించి మైదాపిండి ఉడికించిన బంకతో అతికించవలెను. బంక పలుచగా రాయవలెను, లేనిచో కాగితము ముడుతలు పడును. ఆరువరకు ఒక బరువైన పుస్తకము క్రింద ఉంచవలెను. యౌవనస్థులలో ఎవరి ఇంటనైనను ప్రింటరు ఉన్నచో, ఒకే కాగితముమీద ఎనిమిది వాక్యములు వచ్చునట్లు అచ్చువేసి, ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి కార్డు లోపల అంటించవచ్చును. అక్షరములు పెద్దవిగా వేయుడి, చదువువారి కన్నులు ముసలివి. ప్రింటరు లేనిచో పిల్లలు చేతితో వ్రాసినదే మేలు.

ఆ కార్డులు ఎవరికి? పడకనుండి లేవలేనివారికి, కుమారులు పట్టణములకో గల్ఫు దేశములకో పోగా ఒంటరిగా నున్న తల్లులకు, ఈ సంవత్సరము మరణము సంభవించిన ఇండ్లకు. తపాలా ఖర్చు అక్కరలేదు. పిల్లలు స్వయముగా తీసికొనిపోయి ఇచ్చి, కొంతసేపు కూర్చుండి, ఒక పాట పాడి రావలెను.

మరియొక మాట. ఆ కార్డులు చేయు పనికి మన అవ్వలను పిలువుడి. పాత చీరల ముక్కలు కలిపి బొంత కుట్టిన చేతులు వారివి. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క ఇముడునో వారికి ఎవరును నేర్పనక్కరలేదు. చూపు ఆననివారు రంగులు ఏర్పరచలేకపోయినను, బంక రాయగలరు, మడతలు పెట్టగలరు, కార్డు అందుకొనువారి కొరకు ప్రార్థించగలరు. మనము వారిని అరుగుమీద కూర్చుండబెట్టి, సమయమునకు అన్నము పెట్టితిమి గనుక బాధ్యత తీరినదనుకొందుము. అన్నము పెట్టుట ధర్మమే. కాని మనిషికి తాను ఇంకను కావలసినవారమను ఎరుక అన్నమంత అవసరము. ఏ యింటనైనను ఒక అవ్వ, తాను మిగిలిపోయిన ముక్కనని తలంచుచున్నచో, ఆ తప్పు ఆమెది కాదు. గంప పట్టుకొని ఏరవలసిన మనది.

శిష్యులు ఆ దినమున గడ్డిలో వంగి ఏరినప్పుడు ఒక్కొక్క గంప నిండుట చూచిరి. మనమును వంగుదము.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మేము పారవేయువాటిని నీవు విడిచిపెట్టవని నమ్ముచున్నాము. మా దినములలో మిగిలిన ముక్కలను నీ చేతిలోనికి తీసికొనుము. మా యిండ్లలోని వృద్ధులను, విధవరాండ్రను చూచుటకు మా కన్నులు తెరువుము. పూర్తికాని పనిని నీ చేతికి అప్పగించి సమాధానముతో నుండుట మాకు నేర్పుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.